సాటియైన సహాయము: క్రైస్తవ దాంపత్యమును గూర్చి కొన్ని మాటలు



పురుషుడు ఎట్టివాడుగా నుండవలెను, స్త్రీ ఎట్టిదిగా నుండవలెను, వారిరువురు కలిసి కట్టుకొను సంసారము ఎట్టిదిగా నుండవలెను అను ప్రశ్నలు పురాతనములే. కాని కాలము మారినకొలది అవి క్రొత్త వేషములు ధరించి మన గుమ్మములయొద్ద నిలుచుచున్నవి. మేము నివసించు సనత్‌నగరమునందు ఈ మార్పు స్పష్టముగా కానవచ్చుచున్నది. ఒకప్పుడు ఈ ప్రాంతమునకు పేరు తెచ్చినవి కర్మాగారములు. భర్త కర్మాగారమునకు పోవుట, భార్య ఇల్లు చక్కబెట్టుకొనుట నాటి పద్ధతి. నేడు ప్రక్కనున్న అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్పు సంస్థలును, ఊళ్లనుండి వచ్చిన ఆడపిల్లలుండు హాస్టళ్లును వీధివీధికిని కలవు. 2017లో మెట్రో రైలు నడచుట మొదలైన పిమ్మట, ఉదయమున అమీరుపేట స్టేషనులో ఉద్యోగములకు పోవు స్త్రీలను లెక్కింప నలవికాదు. తాను సంపాదించుకొను స్త్రీకి పెండ్లి కుదిరినప్పుడు, ఇంటికి పెద్ద ఎవరు, ఎందులకు పెద్ద అను ప్రశ్న రాక తప్పదు.

ఈ ప్రశ్న అన్ని మతములవారికిని కలదు. క్రైస్తవుల ఇండ్లలో దీనికి ఎట్టి ఉత్తరములు చెప్పుకొనుచున్నారో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మేము భారత భాగవతములు ఇంటనే చదువుకొని పెరిగినవారము. క్రైస్తవులు మా ఇరుగుపొరుగువారు. వారి పెండ్లిండ్లకు పోయితిమి. వారి గ్రంథమును శ్రద్ధతో చదివితిమి. పొరుగింటి దీపపు వెలుగు మన వాకిటను కూడ కొంత పడును గదా.

క్రైస్తవ వివాహ పద్ధతి ఎరుగని సోదరీమణులకొరకు ముందుగా దానిని క్లుప్తముగా చెప్పెదము. మొదట ప్రధానము జరుగును. పిమ్మట పెండ్లి సంగతి దేవాలయమున ఆదివారములందు ప్రకటింతురు. అభ్యంతరము గలవారు తెలుపవలెనని అడుగుదురు. వివాహదినమున వధువు తెల్లని చీర కట్టుకొనును. వధూవరులిరువురు చేతులు పట్టుకొని దేవునియెదుటను సంఘమునెదుటను ప్రమాణములు చేయుదురు. ఉంగరములు మార్చుకొందురు. తెలుగు క్రైస్తవులలో పలువురు తాళి కూడ కట్టుదురు; దానిపై సిలువగుర్తు ఉండును. కడపట సాక్షులతో కూడ పుస్తకమున సంతకములు చేయుదురు. ఈ తంతునకు ఆధారమైన చట్టము 1872 నాటిది. ఆ చట్టము ప్రకారము రిజిస్ట్రారు ఎదుట వివాహమాడువారు పలుకవలసిన ప్రమాణవాక్యము వధువునకును వరునికిని ఒక్కటే. 'భార్య' యను మాటకు బదులు 'భర్త' యని మార్చుకొనుట తప్ప వేరు భేదము లేదు.

ప్రమాణము ఒక్కటే యైనను, పెండ్లినాటి ప్రసంగమున బోధ మాత్రము ఇరువురకును ఒక్కతీరుగా వినబడదు. ఆ బోధ రెండు మాటలచుట్టు తిరుగుచుండును. ఒకటి 'సాటి', రెండవది 'లోబడుట'. ఈ రెంటిలో దేనిని ముందుగా నిలిపితిమి అనుదానిమీద ఆ సంసారపు రూపము ఆధారపడియుండునని మాకు తోచుచున్నది.

మొదటి మాట ఆదికాండములోనిది. దేవుడు పురుషుని సృజించి, అతడు ఒంటరిగా నుండుట మేలుకాదని తలచి స్త్రీని సృజించిన కథ దాని రెండవ అధ్యాయమున నున్నది. అచ్చట స్త్రీకి తెలుగు అనువాదకులు ఒసగిన పేరు 'సాటియైన సహాయము'. లోకులు పలువురు ఇందులో రెండవ పదమును మాత్రమే పట్టుకొనిరి. సహాయమనగా ఊడిగమనియు, భర్త ఆజ్ఞాపించినదానిని భార్య అందించుటయే దాని తాత్పర్యమనియు తలచిరి. హెబ్రీ మూలమున నున్న పదము 'ఏజెర్'. అది దాసీజనమును చెప్పు మాట కాదు. కీర్తనల గ్రంథమున పెక్కుచోట్ల ఆ పదము దేవునికే వాడబడినది. ఆపదలో ఆదుకొనువాడని దాని భావము. ఆదుకొనువారు ఆదుకొనబడినవారికంటె తక్కువవారగుదురా? ఇక మొదటి పదము చూడుడు. సాటి యనగా సమానము. సాటివాడు, సాటిలేనిది అను ప్రయోగములు అక్షరము రానివారికిని తెలియును. పండితుల వాదములు తీర్పని సందేహమును ఈ తెలుగు మాట ఒక్కటి తీర్చునట్లున్నది.

మన గ్రంథములలో భార్యకు సహధర్మచారిణి యను పేరు గలదు. 'సహ' యనగా వెనుక గాదు, క్రింద గాదు, కూడ. ఆ మాటకును ఈ మాటకును దగ్గర చుట్టరికము కనబడుచున్నది.

రెండవ మాట పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో ఐదవ అధ్యాయములోనిది. భార్యలు భర్తలకు లోబడవలెననియు, భర్త భార్యకు శిరస్సనియు అందున్నది. ఉన్నదానిని లేదనుట పాడిగాదు. కాని ఎక్కడనుండి చదువుట మొదలుపెట్టుదుము అనునది గమనింపవలెను. ఆ ప్రకరణమును 22వ వచనమునుండి చదివినచో భార్య లోబడుట మాత్రమే వినబడును. ఒక్క వచనము పైకి పోయి 21వ దానినుండి చదివినచో, అందరును ఒకరికొకరు లోబడవలెనను విధి ముందుగా వినబడును. మిక్కిలి ప్రాచీనములైన గ్రీకు ప్రతులలో కొన్నింట 22వ వచనమునకు ప్రత్యేకముగా క్రియాపదమే లేదు. పై వచనములోని క్రియనే దీనికిని అన్వయించుకొనవలెను. వ్యాకరణము కొంచెము చదివినవారికి దీని అర్థము వెంటనే బోధపడును. ఒకరికొకరు లోబడుట చెట్టు. భార్య లోబడుట దాని కొమ్మ. చెట్టును నరికి కొమ్మను నిలుపబోవుట సాధ్యము కాదు.

మరియొక సంగతి. అచ్చట భార్యలనుద్దేశించి చెప్పినవి మూడు వచనములు. భర్తలను గూర్చి చెప్పినవి అంతకు రెండింతలకు మించినవి. భార్యను తన దేహమువలె ప్రేమించి పోషింపవలెననియు, క్రీస్తు సంఘముకొరకు ప్రాణమర్పించినట్లు భర్త భార్యకొరకు తన్ను తాను అర్పించుకొనవలెననియు వాని సారము. పౌలు నాటి రోము రాజ్యమున గృహయజమానికి ఇంటిల్లిపాదిపై గొప్ప అధికారముండెను. కావున భార్యలు లోబడవలెననుట ఆనాటివారికి క్రొత్తమాట కాదు. భర్త తన ప్రాణము నీయవలెననుటయే వారు విననిమాట. అట్టి క్రొత్తమాటను విడిచి పాతమాటనే బిగ్గరగా చెప్పుట ఆ పత్రికకే అన్యాయము చేయుట.

శిరస్సు తన ధర్మమును మరచినప్పుడు ఏమగునో మహాభారతము చదివిన మనకు తెలియును. ధర్మరాజు భర్త, రాజు, ధర్మసూక్ష్మములెరిగినవాడు. అట్టివాడు ద్రౌపదిని పణముగా ఒడ్డెను. ద్రౌపది అప్పుడు దయను యాచింపలేదు, న్యాయమునడిగెను. తన్ను తాను ఓడినవానికి భార్యను ఒడ్డు అధికారము ఎక్కడిది? భీష్మునంతటివాడు తిన్నని ఉత్తరము చెప్పలేకపోయెను. అధికారమును చెప్పి బాధ్యతను చెప్పని ప్రతి బోధకుని ఎదుటను ఆ ప్రశ్న నేటికిని నిలిచియేయున్నది.

మరి పౌరుషమన నేమి? గద్దించు గొంతు, ఖర్చుకు లెక్క అడుగుట, వంటింటి గడప తొక్కకుండుట, కన్నీరు పెట్టకుండుట: లోకమున మగవాని లక్షణములని చెప్పబడునవి ఇవి. క్రైస్తవులు ఆదర్శపురుషునిగా కొలుచు యేసుక్రీస్తు చరిత్రను యోహాను సువార్తలో చూతము. స్నేహితుడైన లాజరు మరణించినప్పుడు ఆయన అందరియెదుట కన్నీరు విడిచెను. కడపటి రాత్రి భోజనవేళ నడుమునకు తువాలు కట్టుకొని, పళ్లెములో నీరు పోసి, శిష్యుల పాదములు కడిగెను. ఆనాడది దాసుల పని. పునరుత్థానుడైన పిమ్మట, రాత్రియంతయు వలలు వేసి అలసి ఒడ్డునకు వచ్చు శిష్యులకొరకు నిప్పులమీద చేపలు కాల్చి, రొట్టెతో సిద్ధముగా నుంచి, వారిని భోజనమునకు పిలిచెను. దేవుడని కొలువబడువాడు పొయ్యియొద్ద కూర్చుండుట తన మహిమకు లోపమని తలపలేదు. ఆయన భక్తులమని చెప్పుకొను మగవారు, ఉద్యోగమునుండి అలసి వచ్చిన భార్యకు ఒక గ్లాసుడు కాఫీ కాచి ఇచ్చుట నామోషీ యనుకొనుట ఏమి న్యాయము?

అట్లని ఆయన పిరికివాడు కాడు. దేవాలయమున వ్యాపారము చేయువారిని వెడలగొట్టెను. అధిపతియెదుట వెరవక నిలిచెను. బలవంతునియెదుట ధైర్యము, బలహీనునియెదుట మెత్తదనము: ఇదియే ఆ చరిత్ర నేర్పు పౌరుషము. మన ఇండ్లలో పలుచోట్ల ఇది తలక్రిందులైనది. కచేరీలో అధికారియెదుట మెత్తదనము, ఇంట భార్యయెదుట ధైర్యము!

స్త్రీత్వమును గూర్చియు అట్టి తలక్రిందు తలపులే కలవు. మంచి భార్య యనగా నోరెత్తనిదని కొందరు బోధింతురు. సామెతల గ్రంథము కడపటి అధ్యాయమున గుణవతియైన భార్యను వర్ణించినారు. ఆమె పొలమును చూచి కొనును, ద్రాక్షతోట నాటించును, బట్టలు నేయించి అమ్మును, బీదలకు చేయిచాచును, జ్ఞానముగా మాటలాడును. ఇది ఇల్లు దాటని స్త్రీ చిత్రము కాదు. లూకా సువార్తలో మార్త, మరియ అను అక్కచెల్లెండ్రు కలరు. మార్త వంటపనిలో మునిగియుండ, మరియ గురువు పాదములయొద్ద కూర్చుండి బోధ విను చుండెను. చెల్లెలిని పనికి పంపుమని మార్త అడిగినప్పుడు, క్రీస్తు మరియ ఎన్నుకొన్నది మంచిదనియు, అది ఆమెయొద్దనుండి తీసివేయబడదనియు చెప్పెను. విద్యకొరకు కూర్చున్న ఆడుబిడ్డను వంటింటిలోనికి లేపరాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట ఎట్లు?

దంపతులలో మాదిరి కావలెనన్నచో ప్రిస్కిల్ల, అకుల అనువారు కలరు. ఇరువురును డేరాలు కుట్టి జీవించువారు. అపొల్లో అను విద్వాంసుని ఇరువురును కలిసి ఇంటికి పిలిచి, తప్పు దిద్ది, బోధించిరి. అపొస్తలుల కార్యములందును పౌలు పత్రికలందును పలుమారు భార్య పేరే ముందు వచ్చుచున్నది. ఒకే వృత్తి, ఒకే ఇల్లు, ఒకే సేవ. నేడు మెట్రో రైలులో కలిసి ఉద్యోగములకు పోవు దంపతులకు వీరు పరాయివారు కారు.

ఇక్కడ పూర్వపక్షమును కూడ చెప్పుట ధర్మము. క్రైస్తవులందరును ఏకాభిప్రాయులు కారు. స్త్రీపురుషులు విలువలో సమానులే గాని పనులు వేరనియు, కుటుంబమునందును సంఘమునందును పెద్దరికము పురుషునికే దేవుడొసగెననియు ఒక పక్షమువారందురు. సంఘమున స్త్రీ బోధింపరాదన్నట్లు పౌలు తిమోతికి వ్రాసిన మాటలు వారికి ఆధారము. 1987లో అమెరికాలోని డాన్వర్సు పట్టణమున ఈ పక్షమువారు తమ సిద్ధాంతమును ఒక ప్రకటనగా సిద్ధపరచిరి. బైబిలునందలి సమత్వమే తమ సిద్ధాంతమని చెప్పు రెండవ పక్షమువారు 1988లో వేరొక సంఘముగా ఏర్పడిరి. నాటినుండి ఇంగ్లీషు పుస్తకములద్వారా ఆ వాదము మన దేశపు సంఘములలోనికిని వచ్చినది. ఐనను మొదటి పక్షమువారిలో వివేకులు సయితము, పెద్దరికమనగా సేవయే గాని దొరతనము కాదని ఒప్పుకొనుచున్నారు. కావున వాదమేదియైనను, భార్యను కొట్టు భర్తకు ఆ గ్రంథమున చోటు లేదు.

ఈ వాదము పుట్టకముందే తెలుగుదేశపు సంఘములు తమ నడవడిలో కొంత ఉత్తరము చెప్పియున్నవి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండపై ఐదుగురు ప్రార్థనకు కూడిరి. వారిలో జూవెట్టు దొరగారు, ఆయన భార్య, తెలుగు క్రైస్తవులు మువ్వురు. ఆ మువ్వురిలో ఇరువురు, జూలియా, రూతు అను స్త్రీలు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలన్నమాట. 1866లో యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడైనప్పుడు అతని భార్య నాగమ్మయు కూడ బాప్తిస్మము పొందెను. తరువాతి కాలమున 'బైబిలు స్త్రీలు' అని పిలువబడినవారు ఊరూర తిరిగి, ఇల్లిల్లు దాటి, స్త్రీలకు అక్షరములును సువార్తయు నేర్పిరి. వారిలో దళిత కుటుంబములలో పుట్టినవారు, భర్తను కోల్పోయినవారు కలరు. స్త్రీ నోరు తెరచుటయే తప్పని లోకము తలచుకాలమున, చేత పుస్తకము పట్టి బోధించుట సామాన్యమైన ధైర్యమా?

మన తెలంగాణములోని డోర్నకలు మరియొక దృష్టాంతము. భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి సీమవాడు. 1898లో ఆయన అన్బు మరియమ్మాళును వివాహమాడినప్పుడు కట్నము తీసికొనలేదు. ఆడంబరము లేక పెండ్లి జరిపించుకొనిరి. ఆమె కళాశాలలో చదివిన స్త్రీ. దంపతులిరువురు తెలుగుసీమకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలలో పనిచేసిరి. స్త్రీల నడుమ జరుగు సేవకు ఆమె ప్రాణము పోసెను. కట్నము తీసికొనని వరుడు లోకమున దొరకడని చెప్పు తల్లులు ఈ తేదీని జ్ఞాపకముంచుకొందురుగాక.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున మొదటి స్త్రీ బిషప్పు తెలుగు స్త్రీయే. ఎగ్గోని పుష్పలలితగారు 2013లో నంద్యాలయందు ఆ పదవికి అభిషిక్తురాలైరి. ఆదినమున బిషప్పు చేతికర్ర పట్టుకొన్న ఆమెను చూచిన ఆడుబిడ్డలు, 'సాటి' యను మాటకు అర్థము నిఘంటువున వెదకుకొనవలసిన పని లేకపోయెను.

ఐతే చట్టము మాత్రము ఆలస్యముగా నడచినది. క్రైస్తవుల విడాకుల చట్టము 1869 నాటిది. దాని ప్రకారము భర్తకు భార్య వ్యభిచారమొక్కటి నిరూపించిన చాలును. భార్యయో, భర్త వ్యభిచారముతోకూడ క్రూరత్వమునో, రెండేండ్ల పరిత్యాగమునో, అట్టి మరియొక ఘోరమునో నిరూపింపవలసియుండెను. తన భార్యతో వ్యభిచరించినవానినుండి భర్త ధనము పరిహారముగా కోరవచ్చునని కూడ ఒక సెక్షను ఉండెను. భార్య ఒక ఆస్తియైనట్లు! 2001లో ఆ చట్టమును సవరించి ఇరువురకును సమానమైన కారణములు విధించిరి. పరిహారపు సెక్షనును తొలగించిరి. న్యాయము నడచి వచ్చుటకు 132 సంవత్సరములు పట్టెను. అంతకాలము కష్టములు పడిన స్త్రీలకు పెద్దలిచ్చిన ఓదార్పు 'లోబడుము' అను మాటయే.

ఆస్తి విషయమున చట్టము మేలైనది. 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేనప్పుడు క్రైస్తవుని కుమారునికిని కుమార్తెకును సమభాగమే. మన హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టమును, దేశమంతటను 2005 నాటి చట్టమును ఒసగినవి. కాని ఇచ్చట ఆచారము చట్టమును మ్రింగుచున్నది. కట్నమిచ్చితిమి గనుక భాగము లేదని క్రైస్తవుల ఇండ్లలోను మన ఇండ్లలోను ఒకే మాట వినబడుచున్నది. సిలువగుర్తుగల తాళికిని మన తాళికిని నడుమ ఈ కట్నపు ముడి మాత్రము ఒక్కటే! 1961 నాటి చట్టము ఏ మతమువారైనను కట్నమిచ్చుటను, పుచ్చుకొనుటను నేరముగా నెంచుచున్నది. దేవాలయమున అభ్యంతరములు గలవారు చెప్పవలెనని అడుగునప్పుడు, ఈ అభ్యంతరమును ఎవ్వరును చెప్పకుండుట వింతగాదా?

ఇక సోదరీమణులకు, అందును పెండ్లీడు బిడ్డలుగల తల్లులకు, మా విన్నపము. వరుని జీతమును, ఇంటిని విచారించునట్లే, అతడు తన తల్లితోను అక్కచెల్లెండ్రతోను ఎట్లు మాటలాడునో విచారింపుడు. పెండ్లియైన పిమ్మట చదువు సాగునా, ఉద్యోగము సాగునా, ఆమె జీతము ఎవరి చేతిలో నుండును, వృద్ధులైన ఇరువైపుల తలిదండ్రులను ఎవరు చూతురు అను సంగతులను ప్రధానమునకు ముందే వధూవరులు తమలో తాము మాటలాడుకొనవలెను. సిగ్గుపడి దాచుకొన్న ప్రశ్న తరువాత కలహమై వెలువడును.

రెండవది. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన బిడ్డను, లోబడియుండుమని చెప్పి తిరిగి పంపకుడు. ఆ మాటను ఏ గ్రంథమునుండి చెప్పినను, అది ఆ గ్రంథపు మాట కాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము మతభేదము లేక స్త్రీలందరకును రక్షణ నిచ్చుచున్నది. నివసించు ఇంటినుండి ఆమెను వెడలగొట్టరాదని కూడ చెప్పుచున్నది. ఓర్పు సుగుణమే. కాని ఒకరి ఓర్పును మరియొకరి క్రూరత్వమునకు మేతగా వేయుట సుగుణము కాదు.

మూడవది మనచేతిలోనే యున్నది. మగబిడ్డలను పెంచువారము మనమే. చెల్లెలు అన్నగారి కంచము తీయుట, అన్న చూచుచుండుట మన కన్నులయెదుటనే జరుగుచున్నది. తన కంచము తాను కడుగుకొనుట, జ్వరము వచ్చినవారికి గంజి కాచుట, దుఃఖము కలిగినప్పుడు సిగ్గుపడక ఏడ్చుట, తప్పు చేసినప్పుడు క్షమించుమనుట మగబిడ్డకు పదియేండ్లలోపుననే నేర్పుడు. ఇవి నేర్చిన బాలునికి పెండ్లినాడు ఎఫెసీయుల పత్రికను ఏ వచనమునుండి చదివినను ప్రమాదము లేదు. ఇవి నేర్వనివానికి ఏ వేదము చదివినను ప్రయోజనము లేదు.

సాటి యను మాట తూకమును జ్ఞాపకము చేయును. త్రాసులో ఒక పళ్లెము పైకిపోయినచో రెండవది క్రిందికి దిగును. అప్పుడు తూకము తప్పినదందుము గాని, ఒకటి గెలిచినదనము. క్రైస్తవ సోదరీమణులకు వారి గ్రంథమునందే ఈ త్రాసు కలదు. మనకును మన గ్రంథములందు కలదు. దానిని పట్టుకొని సరిగా తూచు పని మాత్రము ఏ మతమువారికైనను ఇంటనే, ప్రతిదినమును, ఇరువురు కలిసి చేసికొనవలసినదే.